కట్ట వెనక పచ్చగడ్డి

కళ్యాణదుర్గం నుంచి కంబదూరుకు పోయే దారికి కాస్త ఎడంగా, ఒక చెరువు కింద ఒక ఊరుండేది. ఆ ఊళ్లో ఒక నీరుగంటి ఉండేవాడు.

నీరుగంటి అంటే ఈ తరం పిల్లలకు తెలియదు గనక ముందు ఆ ముచ్చట చెప్పాలి. అనంతపురం పీఠభూమి మీద ఏడాది మొత్తానికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య మేఘాలు తూర్పు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి సత్తువ ఉడిగిపోతాయి. పడిన చినుకును పట్టి ఉంచుకోకపోతే బతుకు లేదు గనకనే విజయనగర రాజుల నాడు ఈ సీమంతా చెరువులు కట్టించారు. బుక్కరాయసముద్రం అనే పేరులో ఆ కాలం ఇంకా నిలిచే ఉంది. చెరువు కట్టించింది రాజులే అయినా, ఆ నీళ్లు ఏ రోజు ఏ మడికి ఎంతసేపు పారాలో చూసింది మాత్రం నీరుగంటి. తూము తెరిచేది అతనే, మూసేది అతనే. రైతు తన ఇష్టానికి మడవ తిప్పుకోవడానికి లేదు. పంట వచ్చినప్పుడు కల్లం దగ్గర గింజలు కొలిచి అతని మేర అతనికి పెట్టేవాళ్లు. అంతకుమించి జీతం లేదు.

ఈ నీరుగంటికి నాయన దగ్గర నుంచి వచ్చిన విద్య ఒకటి ఉంది. చెరువు నిండిన ఏడు ఊరంతా మరవ దగ్గర చేరి నీళ్లు దూకడం చూసి మురిసేది. అతను మాత్రం కట్ట వెనక వైపు దిగి, అడుగున మెల్లగా నడిచేవాడు. నీళ్లను చూసేవాడు కాదు, గడ్డిని చూసేవాడు. ఎండలు ముదిరి కట్ట వెనక నేలంతా గోధుమరంగుకు తిరిగిన రోజుల్లో, ఒక్కచోట చాప పరిచినంత మేర గడ్డి పచ్చగా ఉందంటే దానికి నీళ్లు ఎక్కడి నుంచో అందుతున్నట్టే. అతను అక్కడ చెప్పులు విడిచి నిలబడేవాడు. అరికాలికి చల్లదనం తగిలితే, అక్కడి నుంచి కట్ట పైకి ఎగబాకుతూ ఎండ్రకాయ బొక్కనో పందికొక్కు బొక్కనో వెతికి పట్టుకునేవాడు. బంకమన్ను ముద్దలు చేసి దట్టించి, మడమతో తొక్కి, పైన రాయి పెట్టేవాడు. బొటనవేలు పట్టని బొక్క ఒక్క జడివానకు గండి అవుతుందని అతనికి తెలుసు.

అతనికి ఇంకో నియమం ఉండేది. ఏ మడి ఎండుతోందో పరాయివాళ్లకు చెప్పేవాడు కాదు. వడ్డీకిచ్చే షావుకారు సాయంత్రం పూట కట్ట మీదికి వచ్చి, తమలపాకులు చేతిలో పెట్టి, ఈ ఏడు ఎవరి పైరు వాడుతోందని మెల్లగా అడిగేవాడు. నీరుగంటి తమలపాకులు తిరిగి ఇచ్చేసేవాడు. ఎందుకు చెప్పవని పెళ్లాం అడిగితే బదులు చెప్పకుండా తూము వైపు నడిచేవాడు.

కాలం మారింది. బోర్లు వచ్చాయి. ఎవరి మోటారు వాళ్లదయ్యాక వంతుతో పని లేకపోయింది. నీళ్లు వందల అడుగులు లోపలికి దిగిపోయాయి. చెరువులో సర్కారు తుమ్మ పెరిగింది. తూముకు వేసే కొయ్య బిరడా నీరుగంటి ఇంటి వసారాలో, మూలన, గాలికి కొట్టుకునే తలుపుకు అడ్డంగా పడి ఉండేది. అతని కొడుకు బెంగళూరులో కారు తోలడానికి పోయాడు. పావగడ నుంచి వచ్చిన కోడలు, చిన్న మనవడు ఊళ్లోనే ఉన్నారు. మనవరాలు అనంతపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది.

ఊరికి కేబులు తీగ వచ్చిన కొత్తల్లో నెల డబ్బులు కేబులాయన చేతిలో పెడితే సరిపోయేది. ఇవ్వని నెల ఆయన తీగ పీకేవాడు, ఇచ్చిన నెల తగిలించేవాడు. తెరవడం, మూయడం కళ్లెదుటే జరిగేవి. 2017 వచ్చేసరికి పల్లెల్లో కూడా సెట్‌టాప్ బాక్సు లేనిదే బొమ్మ రాకుండా అయింది. అదే ఏడు డిసెంబరు 27న ఆనాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ మొదలైంది. నెలకు 149 రూపాయలకు టీవీ, ఇంటర్నెట్, ఫోను మూడూ ఇస్తామన్నారు. ఆ తీగ చాలా ఊళ్లకు పోయింది గానీ ఈ ఊరికి రాలేదు.

ఒక దసరాకు కొడుకు పెద్ద టీవీ తెచ్చాడు. పాత టీవీని లోపలి గదిలో పెట్టి, తను వచ్చినప్పుడు చూసుకోవడానికి దానికీ ఒక బాక్సు పెట్టించాడు. పెద్ద టీవీకి అన్ని భాషల చానళ్లూ ఉన్న ప్యాకు వేయించాడు, ఎప్పుడు ఏది కావాల్సి వస్తుందో అని. సంక్రాంతికి ఒక కొత్త సినిమా కోసం ఒక యాప్‌లో చేరారు. మొదటి నెల ఉచితమే గానీ పేమెంటు పిన్ను మాత్రం కొట్టించుకున్నారు. వేసవిలో క్రికెట్ కోసం ఇంకో యాప్ వచ్చింది. చేరిన ప్రతిసారీ తెర మీద ఇంగ్లీషులో పొడుగాటి రాత వచ్చేది, దాని అడుగున ఒప్పుకుంటున్నానని నొక్కే గడి ఉండేది. మనవడు ఆ గడి నొక్కేవాడు. బొమ్మ వచ్చేది. అందరూ సంబరపడేవాళ్లు. అందులో ఏ ఒక్కటీ చెడ్డరోజున తెరిచింది కాదు.

మూడో ఏడు జూన్‌లో మంచి పదును వాన పడింది. విత్తనం శనక్కాయలకు డబ్బు తేవడానికి నీరుగంటి బ్యాంకుకు పోయాడు. కొడుకు నెలనెలా పంపింది, పోయిన పంట అమ్మితే వచ్చింది కలిపి అతని మనసులో ఒక లెక్క ఉంది. ఖాతాలో దానికి ఏడెనిమిది వేలు తక్కువ ఉంది.

ఇంట్లో అందరూ దొంగతనమనే అనుకున్నారు. కొడుకు ఫోను చేసి, సైబర్ మోసమైతే వెంటనే 1930కి చెప్పాలన్నాడు. ఆ మాట సరైనదే. నిజంగా మోసం జరిగితే గంటల్లో చేయాల్సిన పని అది. అయితే నీరుగంటి ముందు పాసుపుస్తకం అచ్చు వేయించుకొని ఇంటికి తెచ్చాడు. సెలవులకు వచ్చిన మనవరాలి ముందు పెట్టాడు. ఎంత పోయిందో ఆ పిల్ల కూడబోతుంటే ఆపి, తారీఖులు మాత్రం చదవమన్నాడు.

ఐదు. పన్నెండు. ఇరవై ఒకటి. మళ్లీ ఐదు, మళ్లీ పన్నెండు, మళ్లీ ఇరవై ఒకటి. పిల్ల చదువుతూ పోయింది, అతను కళ్లు మూసుకొని విన్నాడు. నాలుగైదు నెలలు చదివేసరికి అతనికి విషయం బోధపడింది. దొంగకు తారీఖు ఉండదు. తారీఖు తప్పకుండా పోయేది వంతు. వంతు ఉందంటే ఈ ఇంట్లోనే ఎవరో, ఎప్పుడో, తూము తెరిచి మరిచారు.

ఆ రాత్రి తాతా మనవరాలూ వసారాలో కూర్చున్నారు. అతనికి తెర మీది అక్షరాలు రావు, ఆమెకు చెరువు పని తెలియదు. అతను అడిగేవాడు, ఆమె వెతికేది. ప్రతిదానికీ అతను అడిగినవి అవే మాటలు. ఈ తూము ఎవరు తెరిచారు? నీళ్లు ఏ మడికి పోతున్నాయి? ఆ మడిలో ఇప్పుడు పైరు ఉందా? బిరడా ఎక్కడుంది?

పేమెంటు యాప్‌లో ఆటోపే అనే పేజీ ఒకటి ఉందని ఆ రాత్రే ఇంట్లో మొదటిసారి తెలిసింది. యూపీఐలో ఈ ఏర్పాటు 2020 జులైలో వచ్చింది. ఒకసారి పిన్ను కొట్టి ఒప్పుకుంటే, ఆ తర్వాత నెలనెలా అడగకుండానే డబ్బు పోతుంది. ఆ పేజీలో మూడు పేర్లు వరసగా కనిపించాయి. లోపలి గదిలోని పాత టీవీ బాక్సుకు 190. సినిమా యాప్‌కు 149. క్రికెట్ యాప్‌కు 299. పాత టీవీని కొడుకు రెండేళ్లుగా పెట్టనే లేదు. సినిమా యాప్‌ను ఆ ఒక్క సినిమా తర్వాత ఎవరూ తెరవలేదు. క్రికెట్ యాప్ సంగతి ఇంకా బాధాకరం. ఫోను రీఛార్జితో పాటు అదే యాప్ ఊరికే వస్తోంది. ఒకే నీళ్లకు రెండు చోట్ల శిస్తు కడుతున్నారు.

చెప్పకుండా తీసుకున్నారని కోడలు అంది. మనవరాలు ఫోనులో పాత సందేశాలు తెరిచింది. డబ్బు తీయడానికి కనీసం 24 గంటల ముందు కబురు పంపాలని రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన 2021 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. కబుర్లు వచ్చే ఉన్నాయి, అన్నీ ఇంగ్లీషులో, ఒక్కటీ తెరవనివి. వాటిని చూసి నీరుగంటి ఎవరినీ తిట్టలేదు. బొక్క పడింది కట్టకే అయినా, కట్ట వెనక నడవని తప్పు నీరుగంటిదే అని అతని నాయన అనేవాడట.

మూడింటినీ ఆపాలని మనవరాలు ఆటోపే పేజీలో రద్దు నొక్కింది. అంతటితో లేవబోతుంటే అతను కూర్చోబెట్టాడు. తూము మూసినంత మాత్రాన చాలదు, కాలవలో మడవ కూడా కట్టాలన్నాడు. అందుకని ఆమె ఒక్కొక్క యాప్ లోపలికి పోయి చందాను కూడా రద్దు చేసింది. ఒక యాప్‌లో చేరడానికి ఒక్క గడి నొక్కితే సరిపోయింది, బయటికి రావడానికి ఐదు పేజీలు దాటాల్సి వచ్చింది. ఇలా చేరడాన్ని సులువు చేసి బయటపడటాన్ని కష్టం చేసే చందా ఉచ్చు మోసమేనని, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న నిషేధించిన 13 మాయల్లో చేర్చింది. మన ఊళ్లలో చాలామంది ఆ ఐదు పేజీల దగ్గరే అలిసిపోయి వెనక్కి వస్తారు. అలిసిపోకూడదని చెప్పడానికే నేను ఈ సంగతి దగ్గర ఇంతసేపు ఆగాను.

ఇక మిగిలింది పెద్ద టీవీ ప్యాకు. నెలకు 480. ఏ చానళ్లు కావాలని అడిగితే ఇంట్లో అందరూ అన్నీ కావాలన్నారు. నీరుగంటి వాదించలేదు. టీవీ కింద గోడవార కొబ్బరి చిప్పలు పెట్టించి, ఒక్కో చిప్పకు ఒక్కో చానల్ అన్నాడు. ఆ రోజు ఏ చానల్ అరగంటకు తగ్గకుండా చూస్తే ఆ చిప్పలో ఒక శనక్కాయ వేయాలి. కొత్త చానల్ చూస్తే కొత్త చిప్ప పెట్టాలి. ఆ పని తన పెళ్లానికి, అంటే పిల్లల అవ్వకు, అప్పజెప్పాడు. అవ్వ దీపం పెట్టినంత నిష్ఠగా ఆ పని చేసింది. పడుకోబోయే ముందు కొంగులోంచి కాయలు తీసి, ఒక్కొక్కరినీ అడిగి, చిప్పల్లో వేసేది. అబద్ధం చెప్పి ఎక్కువ కాయలు వేయించాలని మనవడు చూస్తే, తినేసిన కాయ మొలకెత్తదని గదమాయించేది.

నెల తిరిగింది. చిప్పలు ఏడే ఉన్నాయి. అవ్వ పొద్దున చూసే శ్రీ వేంకటేశ్వర భక్తి చానల్‌కు 30 కాయలు. తెలుగు సీరియళ్ల చానల్‌కు 27. కోడలు చూసే కన్నడ చానల్‌కు 24. వార్తలకు 19. మనవడి బొమ్మల చానల్‌కు 22. దూరదర్శన్ సప్తగిరికి 6. ఆటల చానల్‌కు 2. తక్కిన రెండు వందల పైచిలుకు చానళ్లకు చిప్పే లేదు. తిరుమల తిరుపతి దేవస్థానం 2008లో మొదలుపెట్టిన భక్తి చానల్, దూరదర్శన్ రెండూ ఉచిత చానళ్లే. అంటే ఇంట్లో అందరికంటే ఎక్కువ కాయలు పడిన చిప్పకు అసలు ధరే లేదు. పైగా సీరియళ్ల చానల్‌కు మామూలుది ఒకటి, హెచ్‌డీది ఒకటి, రెండింటికీ డబ్బు కడుతున్నారు.

మనవరాలు ఆ లెక్క కాగితం మీద రాసి కేబులాయన దగ్గరికి పోయింది. ప్యాకు తీసుకుంటే మొత్తం తీసుకోవాల్సిందే, విడిగా ఇవ్వడం కుదరదని ఆయన అన్నాడు. ఆ పిల్ల కోపం తెచ్చుకోలేదు. 2019 ఫిబ్రవరి 1 నుంచి ఏ చానల్‌ను ఆ చానల్‌గా విడిగా ఎంచుకునే హక్కు చూసేవాళ్లకు ఉందని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన నియమం చూపించింది. కనెక్షన్ రుసుము మొదట వంద చానళ్లకు 130 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 153 రూపాయల 40 పైసలు. 2020లో అదే 130కి 200 చానళ్లు ఇవ్వాలన్నారు. 2024 జులైలో ఆ పైపరిమితిని ఎత్తేసి, ఎంత తీసుకునేదీ కంపెనీలనే ముందుగా ప్రకటించమన్నారు. అందుకే ఇప్పుడు ఎవరి రుసుము ఎంతో అడిగి తెలుసుకోవాలి. ఈ కేబులాయన కంపెనీ ఇంకా 130 దగ్గరే ఉంది. కావాల్సిన చానళ్ల విడి ధరలు కూడితే 50 వచ్చింది. రెండూ కలిపి 180, పన్నుతో 212 రూపాయల 40 పైసలు.

కేబులాయన కాసేపు కాగితం వైపే చూశాడు. తర్వాత ఇంట్లో తన పిల్లలు చూసే చానళ్లు ఎన్నో ఆయనా లెక్కపెట్టుకున్నట్టున్నాడు, మారు మాట్లాడకుండా మార్చి ఇచ్చాడు. పాత టీవీ బాక్సును వెనక్కి తీసుకున్నాడు. నెలకు 1,118 పోతున్న చోట 212 పోవడం మొదలైంది. మిగిలింది తొమ్మిది వందల పైచిలుకు, ఏడాదికి పది వేల ఎనిమిది వందల పైమాటే. ఊరి చివర గొర్రెలు కాచుకునే కుటుంబం ఆ మాత్రం కూడా కట్టడం లేదు. 2004 డిసెంబరులో దూరదర్శన్ మొదలుపెట్టిన, ఇప్పుడు ఫ్రీ డిష్ అంటున్న గొడుగును ఒక్కసారి కొని పెట్టుకున్నారు. వాళ్లకు నెల బిల్లు అన్నదే లేదు. ఎవరి అవసరం వాళ్లది. అవ్వ సీరియల్ మానుకోవాలని నీరుగంటి ఎప్పుడూ అనలేదు.

ఇంట్లో అందరూ పని అయిపోయిందనుకున్నారు. నీరుగంటికి మాత్రం నిద్ర పట్టలేదు. డబ్బు కారడం ఆగింది గానీ కట్ట వెనక గడ్డి ఇంకా పచ్చగానే ఉంది.

ఆ గడ్డి ఏమిటంటే, ఫోన్లు. బోరు ఎండిందా, అప్పు కావాలా అని ఒక గొంతు అడిగేది. మోకాళ్ల నొప్పులకు నూనె పంపాలా అని ఇంకో గొంతు. పేరు పెట్టి పిలిచేవాళ్లు. ఊరి పేరు కూడా చెప్పేవాళ్లు. అంతకు రెండు రోజుల ముందే మనవడు ఫోనులో బోరు వేసే బండి వీడియోలు చూశాడు, కోడలు మోకాళ్ల నొప్పుల గురించి వెతికింది. ఎండుతున్న మడి సంగతి కట్ట దాటి షావుకారు దాకా ఎలా పోయిందో నీరుగంటికి అంతుపట్టలేదు. తను ఎవరికీ చెప్పలేదు.

మళ్లీ ఇద్దరూ వసారాలో కూర్చున్నారు. ముందు, రీఛార్జితో ఊరికే వస్తున్న క్రికెట్ యాప్‌లో ఖాతా ఎక్కడెక్కడ తెరిచి ఉందో చూపించే పేజీ తెరిచారు. తొమ్మిది చోట్ల తెరిచి ఉంది. పెద్ద టీవీ, కోడలి ఫోను, మనవరాలి ఫోను, ఈ మూడూ ఇంట్లోవి. తక్కినవి ఒక్కొక్కటిగా గుర్తు చేసుకోవడానికి గంట పట్టింది. కొడుకు ఖాళీ చేసిన బెంగళూరు గదిలోని టీవీ. హిందూపురంలో బంధువుల ఇల్లు. తిరుపతిలో ఒక రాత్రి దిగిన లాడ్జి గది. అమ్మేసిన పాత ఫోను. మిగిలిన రెండూ ఎవరివో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఆ తెలియని ఇంట్లో ఎవరో కూర్చొని, తన మనవడు ఏ బొమ్మలు చూస్తాడో, కోడలు ఏ సినిమా సగంలో ఆపిందో చూడగలరని తెలిసి అవ్వ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అన్ని పరికరాల నుంచి ఒకేసారి బయటికి వచ్చే గడి నొక్కి, పాస్‌వర్డు మార్చారు. కొత్త పాస్‌వర్డు కొడుకు ఫోను నంబరు గానీ మనవడి పేరు గానీ కాకుండా చూసుకున్నారు. మనవడికి పిల్లల ప్రొఫైలు వేరే పెట్టి, పెద్దవాళ్ల ప్రొఫైలుకు పిన్ను పెట్టారు.

తర్వాత టీవీ. తెర మీద ఏ బొమ్మ నడుస్తోందో గుర్తుపట్టి కంపెనీకి పంపే ఏర్పాటు ఇప్పటి స్మార్ట్ టీవీల్లో చాలావాటికి ఉంటుంది. కేబులులో వచ్చిందైనా సరే, పెన్‌డ్రైవులో పెట్టిందైనా సరే. అమెరికాలో విజియో అనే కంపెనీ ఇలాగే 1 కోటి 10 లక్షల టీవీల నుంచి, చూసేవాళ్లకు సరిగా చెప్పకుండా, క్షణక్షణం సమాచారం తీసుకున్నందుకు 2017లో 22 లక్షల డాలర్లు చెల్లించాల్సి వచ్చింది. నీరుగంటి ఇంటి టీవీలోనూ సెట్టింగుల అడుగున, ప్రైవసీ అన్న మాట కింద, ఆ గడి ఉంది. మొదటి రోజు మనవడు గబగబా నొక్కిన ఒప్పుకోళ్లలో అదీ ఒకటి. దాన్ని ఆపితే బొమ్మేమైనా చెడుతుందా అని అవ్వ భయపడింది. ఏమీ చెడలేదు.

ఆపైన ఫోను. టార్చిలైటు యాప్‌కు ఫోనులోని పేర్లన్నీ చూసే అనుమతి ఉంది. పాటల యాప్‌కు తాము ఎక్కడున్నదీ తెలుసుకునే అనుమతి ఉంది. వెలుతురుకు పేర్లతో ఏం పని, పాటకు ఊరితో ఏం పని అని నీరుగంటి అడిగాడు. మనవరాలు ఒక్కొక్కటీ తీసేసింది. అక్కర్లేని అమ్మకపు ఫోన్లు రాకుండా 1909 నంబరులో నమోదు చేసింది.

అప్పు యాప్ దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల చేయి ఆగింది. హైదరాబాదులో 2020 డిసెంబరులో ఏం జరిగిందో ఆమె చదివింది. ఫోనులోనే అప్పిచ్చే యాప్‌లు ముందు పేర్ల పట్టికను లాక్కున్నాయి. కిస్తీ ఆలస్యమైతే అప్పు తీసుకున్నవాడి అన్నకూ అత్తకూ స్నేహితులకూ ఫోన్లు చేసి పరువు తీశాయి. ఆ అవమానానికి తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు. అప్పిచ్చే యాప్‌లు ఫోనులోని పేర్ల జోలికీ ఫొటోల జోలికీ పోకూడదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో కట్టడి చేసింది. ఇదంతా ఆమె తాతకు వివరించింది. బోరు కోసమని కొడుకు ఎప్పుడో దించి పెట్టిన అప్పు యాప్ ఒకటి అదే ఫోనులో ఉంది. అప్పు తీసుకోలేదు గానీ పేర్లు చూడటానికి అనుమతి మాత్రం ఇచ్చి ఉంది.

నీరుగంటి చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత, నలభై ఏళ్ల కిందట పెళ్లానికి చెప్పని బదులు ఆ రాత్రి చెప్పాడు. ఎవరి మడి ఎండుతోందో షావుకారుకు తెలిస్తే, ఆ రైతు ఇల్లు దాటక ముందే షావుకారు ఆ గుమ్మంలో ఉంటాడు. ఆశ సన్నగిల్లినవాడి దగ్గర వడ్డీ ఎంత చెప్పినా చెల్లుతుంది. అందుకే నీరుగంటి తెలిసినా చెప్పకూడదు. ఆ మాట విన్నాక మనవరాలు అనుమతి తీసేసి, యాప్‌లోని ఖాతాను చెరిపి, యాప్‌నూ తీసేసింది.

ఆమె ఇంకో మాట కూడా చెప్పింది. 2023 ఆగస్టులో మన దేశంలో ఒక చట్టం వచ్చింది. మన సమాచారం తీసుకునేవాళ్లు ముందు మన ఒప్పుదల అడగాలి. అడిగే రాతను ఇంగ్లీషులోనే కాక, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఉన్న ఏ భాషలోనైనా, మన తెలుగులోనైనా చదువుకునే వీలు ఇవ్వాలి. ఒప్పుకోవడం ఎంత సులువో, ఇచ్చిన ఒప్పుదలను వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలి. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, చాలావరకు అమల్లోకి రావడానికి ఏడాదిన్నర గడువు పెట్టారు. ఒప్పుదలను వెనక్కి తీసుకోవడం గురించిన మాటను నీరుగంటి రెండుసార్లు చెప్పించుకున్నాడు. తెరిచినంత సులువుగా మూయగలగాలి. అది రాసినవాళ్లకు తూము సంగతి తెలుసన్నాడు.

ఫోన్లు ఒక్కరోజులో ఆగలేదు. కట్టలో ఊరిన నీళ్లు బొక్క మూశాక కూడా కొన్నాళ్లు కారతాయి. నెలకు కాస్త తగ్గాయి, మూడు నెలలకు ఎప్పుడో ఒకటి. పింఛను 4,000 రూపాయలు ఇంటికి వచ్చే ఒకటో తారీఖునే కట్ట వెనక నడిచే రోజుగా నీరుగంటి పెట్టుకున్నాడు. ఆ రోజు కోడలు ఆటోపే పేజీ చదివేది, మనవడు ఖాతా తెరిచి ఉన్న పరికరాలు లెక్కపెట్టేవాడు, మనవరాలు అనంతపురం నుంచి ఫోనులో వినేది. కొత్తగా ఏదైనా చేరాల్సి వస్తే, చేరిన రోజే దాన్ని ఆపాల్సిన తారీఖుకు గోడ మీది క్యాలెండర్‌లో అవ్వ సున్నా చుట్టించేది.

ఈ కథలో నీళ్లంటే డబ్బు ఒక్కటే కాదు, మనం ఏం చూస్తున్నాం, దేనికోసం వెతుకుతున్నాం, ఏ కష్టంలో ఉన్నాం అన్న కబురు కూడా. ఆ రెండింటికీ తూములు తెరిచింది పరాయివాళ్లు కాదు, సంబరంగా ఉన్న రోజున మనమే తెరిచాం గనక వాటిని మూసే హక్కూ మూసే పనీ మనవే. బిల్లు పెరిగిందని తెలియడానికి నెలాఖరు దాకా ఆగకుండా, పిలవని గొంతు మన పేరు పెట్టి పిలిచిన రోజునే కట్ట వెనక్కి దిగి వెతకాలి.

ఆ ఏడు అక్టోబరులో చెరువుకు మోకాలి లోతు నీళ్లొచ్చాయి. నీరుగంటి వసారాలోని బిరడాను భుజాన వేసుకొని కట్ట వెనక దిగాడు. దసరా సెలవులకు వచ్చిన మనవరాలు చెప్పులు విడిచి, గడ్డి చూస్తూ, అతని వెనకే నడిచింది.